ఓపీ వరుసే తరగతి గది

కళాశాల చరిత్ర అనగానే ప్రిన్సిపాళ్ళ వరుస, కొత్త భవనాల శంకుస్థాపనలు, పతకాలు గుర్తొస్తాయి. ఈ సంచికలో అవన్నీ ఎటూ వస్తాయి. నేను ఓపీ సంగతి రాస్తాను. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాల నుంచి బయటికొచ్చిన డాక్టర్లు ఏ దేశంలో స్థిరపడినా, మొదట రోగి చెయ్యి పట్టుకుని నాడి చూసింది మాత్రం గుంటూరు ప్రభుత్వాసుపత్రి, అదే మన పెద్దాసుపత్రి, ఓపీలో, వార్డుల్లో. అక్కడ రోగులు ఏ వరుసలో వస్తారు, వాళ్ళని ముందు ఎవరు చూస్తారు అన్నదాన్ని బట్టే ఇక్కడి చదువు నడిచింది.

దీనికి కళాశాల కంటే పాత కథ ఒకటుంది. లూథరన్ మిషన్ పంపగా డాక్టర్ ఆనా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆమె చదివింది వైద్యమే అయినా, మిషన్ వాళ్ళు ముందు బడుల పని అప్పగించారు. వైద్యం మానకుండా చేస్తూనే, కొన్నేళ్ళకు డిస్పెన్సరీ, ఆ తర్వాత ఆసుపత్రి నిలబెట్టారు. మగ డాక్టరు ముందుకు రావడానికి ఇష్టపడని ఆడవాళ్ళు అక్కడికి వచ్చారు. వచ్చినవాళ్ళు ఒంటరిగా రాలేదు. అత్తగారు, చంటిపిల్ల, వండిపెట్టడానికి ఒక మనిషి, బండి తోలుకొచ్చిన పెనిమిటి, అందరూ కలిసే దిగారు. రోగుల బంధువులు ఉండడానికి ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు సత్రం కట్టించి ఇచ్చారు. మన ప్రాంతంలో ఆసుపత్రి పెట్టాలంటే మంచాలతో పాటు పొయ్యిలకూ చోటు చూడాలని ఆ రోజుల్లోనే తెలిసిపోయింది. కుగ్లర్ 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు.

ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ కళాశాల (1923) తర్వాత రెండోది మనదే. ఒంగోలులో రిమ్స్ వచ్చేదాకా అటు మాచర్ల, వినుకొండ నుంచి ఇటు అద్దంకి, దర్శి దాకా పెద్ద జబ్బు చేస్తే గుంటూరు బస్సెక్కడమే దారి. తెల్లవారుజామున బయల్దేరిన మనిషికి ‘పది ఇరవైకి రండి’ అని టైమిచ్చి లాభం లేదు. అందుకే ఇక్కడ గడియారం కంటే వారానికే విలువ. మెడిసిన్‌కీ సర్జరీకీ యూనిట్లుంటాయి, ఒక్కో యూనిట్‌కీ ఓపీ రోజులుంటాయి. ‘వచ్చే గురువారం రా పెద్దమ్మా, ఈ చీటీ పారేసుకోకు’ అంటే అదే అపాయింట్‌మెంట్. గురువారం వస్తే అదే యూనిట్ చీఫ్ ఉంటారు. ఇప్పుడు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తోంది, చీటీ కౌంటర్ దగ్గర తోపులాట తగ్గింది. లోపల పద్ధతి మాత్రం పాతదే.

ఆ లోపల ముందు కనపడేది హౌస్ సర్జన్. బీపీ చూసి, ఎన్నాళ్ళ నుంచి, ఏం మందులు వాడావని అడిగి రాసి, పీజీకి చూపిస్తాడు. పీజీకి అనుమానమొస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరికి, అక్కడా తేలకపోతే చీఫ్ బల్ల దగ్గరికి. రోగికి ఇది నలుగురి చుట్టూ తిప్పడంలా ఉంటుంది, విసుక్కుంటాడు. ఆ విసుగులో న్యాయముంది. కానీ ఆ నాలుగు మెట్లలోనే కుర్ర డాక్టరు చేసిన పొరపాటు రోగి దాకా పోకుండా ఆగుతుంది. చీఫ్ అందరి ముందూ ‘కళ్ళు చూశావా? నాలుక చూశావా?’ అని అడిగితే, ఆ రెండూ జన్మలో మర్చిపోరు.

వరుస లేని చోటు క్యాజువాలిటీ. పత్తి ఈ నేలకొచ్చాక పురుగుమందు కేసులు కూడా వెంట వచ్చాయి. 1987లో తెల్లదోమ పంటను ఊడ్చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తయ్యాయి. కావాలని తాగినవాళ్ళు సరే, గాలికెదురు మందు కొట్టి పొలంలోనే పడిపోయినవాళ్ళూ వచ్చారు. కనుపాప సూదిమొనంత, నోటెంట చొంగ, ఛాతీలో గరగర, ఒంటి నిండా చెమట. బట్టలు విప్పి ఒళ్ళు కడగాలి, అట్రోపిన్ ఎక్కిస్తూ పోవాలి. ఊపిరితిత్తులు తేటపడి నాడి వేగం పెరిగేదాకా, నిమిషాల లెక్కన చూస్తూ మంచం పక్కనే నిలబడాలి. ఎక్కువైతే రోగి మతి తప్పి కలవరిస్తాడు, తక్కువైతే ప్రాణం పోతుంది. పుస్తకంలో రెండు పేజీల పాఠాన్ని గుంటూరు హౌస్ సర్జన్లు రాత్రుళ్ళు మేలుకుని నేర్చారు. ఇంత చేతి అనుభవం చాలా కళాశాలల్లో దొరకదు. దీన్ని గర్వంగా చెప్పుకోవాలో సిగ్గుపడాలో నాకు తెలియదు. మిర్చి సీజన్‌లో యార్డు నుంచీ కల్లాల నుంచీ వచ్చే దగ్గులు, ఆయాసాలు వేరే.

ఈ ఓపీ ఏర్పాటులో లోటు ఒకటుంది. హౌస్ సర్జన్ పోస్టింగ్ మారిపోతాడు, పీజీ మూడేళ్ళకు వెళ్ళిపోతాడు, చీటీ ఎక్కడో పోతుంది. షుగరున్న మనిషి వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఒకప్పుడు గుంటూరు కొత్తపేట క్లినిక్కుల్లో ఆ బాధ ఉండేది కాదు. కాంపౌండరు దగ్గర పేరు రాయించుకుని బల్ల మీద కూర్చుంటే, లోపలి డాక్టరుగారికి తండ్రి బీపీ, తల్లి ఆయాసం, కోడలి కాన్పు అన్నీ నోటికొచ్చు. పక్కన కూర్చున్న జూనియర్ మందు రాసేముందు ఇంకో సంగతి నేర్చేవాడు, వీళ్ళు పది రోజుల మందు కొనలేరు, మూడు రోజులకు రాసి మళ్ళీ రమ్మనాలని. స్పెషలిస్టు బోర్డులు పెరిగేకొద్దీ ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి.

రోగిని ఎరిగిన డాక్టరు లేని ఈ లోటును ప్రభుత్వాలూ గమనించాయి. 104 సంచార వైద్య వాహనం నెలకోసారి చెప్పిన తేదీకి ఊళ్ళోకి రావడం దాన్ని పూడ్చే ప్రయత్నమే. 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని మొదలుపెట్టింది మన చిలకలూరిపేట పక్కనున్న లింగంగుంట్లలోనే. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లు, ఒకరు అక్కడే ఓపీ చూస్తే, రెండోవారు 104లో ఊళ్ళకు వెళ్ళాలి, మంచాన పడ్డవాళ్ళని ఇంటికెళ్ళి చూడాలి అన్నది ఆ పథకం. ప్రభుత్వాలు మారితే బోర్డుల మీద పేర్లు మారతాయి, ఆలోచన మాత్రం సరైనదే. ఎంబీబీఎస్ విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడుగునా వాళ్ళ ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2022 నుంచి చెబుతోంది. హాజరు కోసం చేస్తే అదీ ఒక రికార్డు పుస్తకమైపోతుంది.

కుటుంబ వైద్యాన్ని విడిగా నేర్పే చోట్లూ ఉన్నాయి. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుడు కావడానికి ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ చాలదు, తొలి శిక్షణ ముగిశాక కుటుంబ వైద్యంలోనే మళ్ళీ మూడేళ్ళు శిక్షణ పొందాలి. శిక్షణలో ఉన్న డాక్టరుకు మొదట్లో ఒక్కో రోగికి అరగంట దాకా ఇస్తారు, చెయ్యి తిరిగేకొద్దీ ఆ సమయం తగ్గిస్తారు. పక్క గదిలో సీనియర్ ఉంటారు. మన ఓపీ రద్దీలో అరగంట అడగడం అత్యాశే. వారంలో ఒక రోజు, ఒక గది, అవే కుటుంబాలు, అదే సీనియర్ అన్నది మాత్రం చేయలేనిది కాదు.

అమెరికాలోని పూర్వ విద్యార్థుల సంఘం జింకానా సాయంతో మన ఆసుపత్రికి పొదిల ప్రసాద్ బ్లాక్ వచ్చింది. తల్లీపిల్లల బ్లాక్ కోసం డాక్టర్ గవిని ఉమ 2022లో రూ.20 కోట్లు ప్రకటించారు. ఈసారి అడిగేది భవనం కాదు. గుంటూరులో, నరసరావుపేటలో, ఒంగోలులో ప్రాక్టీసు మానేసి ఇంట్లో ఉన్న పాత విద్యార్థులారా, వారానికి ఒక పూట పెద్దాసుపత్రికి వచ్చి ఇద్దరు హౌస్ సర్జన్లను పక్కన కూర్చోబెట్టుకోండి. కళాశాల వారు మీకొక గది, ఒక రిజిస్టరు ఇస్తే చాలు.