మెరెబ్ నదికి ఇరుగడల

1991వ సంవత్సరము మే నెల 24వ తేదీన ఎరిట్రియా విమోచన సేన అస్మారా నగరమును ప్రవేశించెను. అటుపిమ్మట నాలుగు దినములకు, ఉత్తర ఇథియోపియాలోని టిగ్రే కొండలనుండి దిగివచ్చిన తిరుగుబాటుదళము మిత్రపక్షములను వెంటగొని అడిస్ అబాబాను వశపరచుకొనెను. పదునేడు సంవత్సరములు ఇథియోపియాను గడగడ వడకించిన సైనిక నియంతృత్వము ఆ వారముతో అంతరించెను. జయించిన యీ రెండు సేనలయందును టిగ్రిన్యా భాష మాటలాడు రైతుబిడ్డలు విశేషముగ నుండిరి. మొదటిదానికి ఇసయాస్ అఫెవర్కి, రెండవదానికి మెలెస్ జెనావి నాయకులు. మెలెస్ తల్లి ఎరిట్రియా సంతతిది. ఒకే భాషయు, ఒకే శత్రువును, పెక్కు యుద్ధములలో కలసి చిందించిన నెత్తురును గల యీ యుభయులు ఏడేండ్లకే యొకరి పట్టణములపై నొకరు బాంబులు విడుతురని నాడెవ్వరైన పలికియుండినచో, ఆ మాటను మతిచెడినవాని ప్రేలాపముగ త్రోసివేసియుందురు.

కాని ఆ మైత్రి నిష్కళంకమైనది కాదు. 1985లో, ఇథియోపియా యుత్తరభాగమును దారుణక్షామము దహించుచున్న వేళ, సిద్ధాంతవైషమ్యములచే మనస్సులు విరిగిన ఎరిట్రియా దళమువారు తమ యధీనమున నున్న సూడాను మార్గమును టిగ్రేవారికి మూసివేసిరి. అన్నముకొఱకై అలమటించు ప్రజలకు బాట లేక, టిగ్రే నాయకులు వేలకొలది రైతులను పనికి పురికొల్పి కొండలలో క్రొత్తదారి వేయించుకొనవలసివచ్చెను. 1988లో మరల పొత్తు కుదిరెను, సేనలు కలసి పోరెను. ఆ గాయమును గూర్చి మాత్రము బహిరంగముగ నోరు విప్పినవారు లేరు. పిదప సంభవించిన యుద్ధమునకు బద్మె గ్రామమును కారణముగ చూపుట వాడుకయైనను, మిత్రులు మొగమాటముచేతనో గర్వముచేతనో వ్రాతలో పెట్టక విడిచిన విషయములే దానికి మూలమని నా నమ్మకము.

సరిహద్దు చరిత్ర మఱింత విచిత్రమైనది. ఎరిట్రియా యను పేరుతో నొక రాజ్యము పూర్వము లేదు. ఎర్ర సముద్రతీరమును ఆక్రమించిన ఇటలీవారు 1890 జనవరి 1న తమ వలసకు ఆ పేరు పెట్టిరి. ఆరేండ్లకు, 1896 మార్చి 1న, అద్వా రణరంగమున ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ ఇటలీసేనను ధ్వంసము గావించి ఐరోపాను దిగ్భ్రాంతిలో ముంచెను. అయినను విజేత మెరెబ్ నదిని దాటి ముందునకు నడవలేదు. సేనకు గ్రాసము కొఱవడుటచేతనా, మఱియొక రాజనీతిచేతనా యని చరిత్రకారులు తర్కించుచునే యున్నారు. ఓడినవాని వలస ఓడినవానికే మిగిలెను.

దాని హద్దులను నిర్ణయించుటకు 1900, 1902, 1908 సంవత్సరములలో మూడు సంధిపత్రములు వ్రాయబడెను. మొదటిది నడిమిభాగమున మెరెబ్, బెలెసా, మునా నదుల వెంబడి హద్దును నడిపించెను. మూడవది తూర్పున, తీరపు వంపుల ననుసరించుచు 60 కిలోమీటర్లు లోపలగా నొక గీతను కల్పించెను. చిక్కంతయు రెండవదానిలో నున్నది. సెటిట్ నదిలో మైతేబ్ యను వాగు కలియుచోటినుండి మెరెబ్ వఱకు హద్దు సాగవలెననియు, కునామా జాతివారు ఎరిట్రియాకు చెందునట్లు దానిని గుర్తింపవలెననియు అది శాసించెను. ఆ మైతేబ్ ఎచ్చటిది? ఒక పటములో నొకచోట, వేఱొక పటములో వేఱొకచోట, ఇంచుమించుగ ఆ పేరే గల వాగులు కనబడును. ఏ వాగు నిజమైనదో తేలినగాని బద్మె మైదానము ఎవరిదో తేలదు. పటములు మాటిమాటికి ముద్రింపబడెను గాని ఉభయులు కలసి నేలపై రాళ్ళు పాతిన దినము రాలేదు. 1935లో దండెత్తి ఇథియోపియాను మ్రింగిన ముస్సోలిని టిగ్రేను గూడ ఎరిట్రియా పాలనలో కలిపివేయుటచే ఆ గీత మఱింత మసకబాఱెను.

ఇటలీ ప్రాభవము 1941లో కెరెన్ కొండలలో కూలెను. ఆ కనుమలను పట్టుకొనుటకు వారములతరబడి పోరాడి ప్రాణములొడ్డిన వారిలో 4వ, 5వ భారతీయ డివిజనుల సైనికు లుండిరన్న సంగతి మనవారిలో పెక్కండ్రకు తెలియదు. అటుపిమ్మట వచ్చిన బ్రిటిషు పాలన ముగిసినపిదప ఐక్యరాజ్యసమితి తీర్మానము ననుసరించి 1952లో ఎరిట్రియా ఇథియోపియాతో సమాఖ్యగ చేరెను. హైలే సెలాసీ చక్రవర్తి 1962లో ఆ సమాఖ్యను రద్దుపఱచి దానిని తన రాజ్యములో నొక మండలముగ కలిపివేసెను. అంతకు ముందే, 1961 సెప్టెంబరులో, సాయుధ తిరుగుబాటు ఆరంభమై ముప్పదియేండ్లు సాగెను. పరదేశీయుడు గీచిన గీతయే యీ పోరాటమున నొక జాతికి ఆకృతి నొసగెను. దానిని సూదిమొనయంత చెరిపినను తమ యునికియే చెడునని ఎరిట్రియావారు భావింతురు. ఇథియోపియావారికో, అది సముద్రమును తమకు దూరము చేసిన యవమానచిహ్నము.

1993 ఏప్రిలులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 99.8 వోట్లు స్వాతంత్ర్యమునకు పడెను. అడిస్ అబాబా ప్రభుత్వము దానిని సాదరముగ నంగీకరించెను. అంతటి సుముఖత లోకమున నరుదు. అందుచేతనే కాబోలు, హద్దెచ్చట, నాణెమెట్లు, రేవుసుంకమెంత యను ప్రశ్నల నెవ్వరును గట్టిగ నడుగలేదు. 1997 నవంబరులో ఎరిట్రియా తన సొంత నాణెమైన నక్ఫాను వెలువరింపగా, అది ఇథియోపియా నాణెమైన బిర్‌తో సమముగ చెల్లునను ఆశ నెఱవేఱలేదు. పెద్ద వర్తకమంతయు డాలర్లలో జరుగవలెనని ఇథియోపియా పట్టుపట్టెను. సంతలకు వచ్చిపోవు సామాన్య వర్తకుల బ్రతుకు సందిగ్ధములో పడెను.

1998 మే 6న బద్మె చెంత కాల్పులు జరిగెను. 12వ తేదీన ఎరిట్రియా పటాలములు వచ్చి ఆ ప్రాంతమును ఆక్రమించెను. జూన్ 5న ఇథియోపియా విమానములు అస్మారా విమానాశ్రయముపై బాంబులు వేయగా, ఎరిట్రియా విమానములు మెకెలె నగరముపై వేసిన బాంబులు ఒక పాఠశాలపై పడి పసివాండ్రను బలిగొనెను. అన్నదమ్ముల పొలముగట్టు తగవు వంటిదని కొందఱు తొలుత నవ్విరి. ఆ నవ్వు నిలువలేదు. 1999 ఫిబ్రవరిలో ఇథియోపియా బద్మెను తిరిగి గెలిచెను. 2000 మే నెలలో ఎరిట్రియాలోని బరెంటు వఱకు చొచ్చుకొనిపోయెను. కందకములకు ఎదురుగ కాలిబంటులను వరుసలు వరుసలుగ పంపు ఆ యుద్ధపద్ధతి, మొదటి ప్రపంచయుద్ధపు పుటలనుండి లేచివచ్చినట్లుండెను. మృతులు 70,000 మొదలు 1,00,000 వఱకు నుందురని అంచనాలు. ఎరిట్రియా మూలములు గల సుమారు 75,000 మందిని ఇథియోపియా వెళ్ళగొట్టెను. ఆవలినుండియు వేలకొలది ఇథియోపియనులు తరుమబడిరి.

2000 డిసెంబరు 12న అల్జీర్సులో సంధి కుదిరెను. ఎలిహు లాటర్‌పాక్ట్ అధ్యక్షతను హద్దు తేల్చుటకై ఏర్పడిన ఐదుగురు న్యాయకోవిదుల సంఘము 2002 ఏప్రిల్ 13న తీర్పు చెప్పెను. ఆ తీర్పులో బద్మె యెవరిదో సూటిగ వ్రాయకపోవుటచే ఉభయపక్షములును విజయము తమదేయని చాటిరి! అది ఎరిట్రియాకే చెందినదని లెక్కలు తేలినపిదప ఇథియోపియా వెనుదీసెను. మఱియొక వంక, మొదట బలప్రయోగము చేసినది ఎరిట్రియాయేయని వేఱొక న్యాయసంఘము 2005 డిసెంబరులో నిర్ణయించెను. నేల యొకరిది, తప్పును వారిదే! ఎరిట్రియాలోపల 25 కిలోమీటర్ల వెడల్పున నేర్పడిన రక్షణమండలమును ఐక్యరాజ్యసమితి సైనికులు కాపుకాచిరి. వారిలో భారతీయ పటాలమొకటి యుండెను. 2004 నుండి కొంతకాలము ఆ దళములకు సేనాధిపతి భారతీయుడైన రాజేందర్ సింగ్. నేలపై స్తంభములు నాటుట సాగకపోగా న్యాయసంఘము 2007 నవంబరులో అక్షాంశ రేఖాంశముల యంకెలతోనే హద్దును ముగించి తొలగిపోయెను. మరుసటి యేడు శాంతిదళమును తొలగెను. పదునెనిమిది నెలలుగ నియమింపబడిన ఎరిట్రియా సైనికసేవ మాత్రము అవధిలేనిదై, యువకులు దేశము విడిచి పారిపోవుటకు ముఖ్యహేతు వయ్యెను.

2018లో ఇథియోపియా ప్రధానమంత్రి అబీ అహ్మద్ ఆ తీర్పును అంగీకరించితినని ప్రకటించి, జూలైలో అస్మారాకు విచ్చేసి, ఇసయాస్‌ను ఆలింగనము చేసికొనెను. మరుసటి యేడు ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. 2018 సెప్టెంబరులో తెఱచిన హద్దుదారులు కొలది నెలలకే మూతపడెను. హద్దురాళ్ళ మాట ఈసారియు మఱుగునపడెను. 2020 నవంబరున టిగ్రేలో యుద్ధము చెలరేగగా ఎరిట్రియా సేన అబీ పక్షమున దిగెను. దానిని ముగించిన 2022 నాటి ప్రిటోరియా ఒడంబడికలో ఎరిట్రియాకు చోటు లేదు. తమ పాతశత్రువులైన టిగ్రే నాయకులను ప్రాణములతో విడిచిన ఆ సంధి అస్మారాకు రుచింపలేదు. మెలెస్ నాటి మైత్రివలెనే యీ మైత్రియు రాతకోతలు లేక సాగి, రాతకోతలు లేకయే చెడెను.

2023 అక్టోబరునుండి అబీ ఎర్ర సముద్రమును తన దేశమునకు ప్రాణావశ్యకమని చాటుచున్నాడు. 12 కోట్లకు మించిన జనము గల దేశము తన వర్తకమున నూటికి తొంబదివంతులకు పైగా జిబౌటి రేవుపై నాధారపడుట కష్టమే. ఆ బాధను కాదనుట న్యాయము కాదు. కాని 1998 తరువాత ఇథియోపియా సరకులకు మూతపడిన అసబ్ రేవు, ఇథియోపియా హద్దునకు వంద కిలోమీటర్లలోపు ఎరిట్రియా నేలపై నున్నది. 2025 అక్టోబరులో ఇథియోపియా, తమపై యుద్ధమునకు టిగ్రే పక్షముతో ఎరిట్రియా కుట్ర పన్నుచున్నదని ఐక్యరాజ్యసమితికి లేఖ వ్రాసెను. అస్మారా దానిని త్రోసిపుచ్చెను. నాడు బద్మె చెంత ఎరిట్రియాకు ఎదురుగ నిలిచిన టిగ్రే దళములలోని కొందఱే నేడు అస్మారాతో మంతనము లాడుచున్నారని అడిస్ అబాబా ఆరోపించుచుండగా, ఉభయ సేనలకు నడుమ జలాంబెసా చెంత నివసించు ఇరోబ్ జాతివారి గ్రామములు, తీర్పురేఖకు ఈవల కొన్నియు ఆవల కొన్నియు పడియున్నవి.