తెలిసే ఎక్కే విమానం

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’. ఉత్తర తెలంగాణ వలస చరిత్రను జనం ఈ మూడు మాటల్లోనే చెప్పుకుంటారు. సింగరేణి గనులు, బొంబాయి దగ్గరి భివండి సాంచెలు (మరమగ్గాలు), ఆ తర్వాత గల్ఫ్. మూడు దారుల్లోనూ ముప్పుంది. అది తెలిసీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలు కదిలాయి. ఎందుకో అర్థం కావాలంటే ఊళ్లో ఉంటే ఏమవుతుందన్న వాళ్ల లెక్కనూ చూడాలి.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణ పనులు పుంజుకున్నాయి. ఇక్కడేమో 1978లో దొరల పెత్తనంపై రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసీలపై పోలీసు కాల్పులు. నక్సలైట్ దళాలకూ పోలీసులకూ మధ్య నలిగిన యువకులకు ఎడారి కంటే సొంతూరే ప్రమాదంగా తోచింది.

1983లో వలసల చట్టం వచ్చింది. ఇప్పటి నిబంధన ప్రకారం పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కార్మికుడి రక్షణకు పెట్టిన ఈ గడపను తప్పించడమే కొందరు ఏజెంట్లకు వ్యాపారమైంది. విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తారు, దిగాక పని చూపిస్తామంటారు.

గుర్తింపు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇంటికొచ్చే సబ్ ఏజెంటు అంతకు ఎన్నో రెట్లు అడుగుతాడు. అయినా అతనికే ఇస్తారు. అతను పక్కూరివాడు, బామ్మర్దికి దోస్తు. రేపు తేడా వస్తే పోయి నిలదీయొచ్చన్న ధీమా. పైగా ఎదురింటి పెంకుటిల్లు స్లాబు ఇల్లయింది గల్ఫ్ డబ్బుతోనే. బోరెండిన రైతుకు అంతకన్నా సాక్ష్యమేం కావాలి?

విమానం దిగాక లెక్క మారుతుంది. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు నెలనెలా పెరుగుతుంటే, జీతం అందకపోయినా వెనక్కి రావడానికి ధైర్యం చాలదు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే వదిలి బయటపడినవాణ్ని ‘ఖల్లివెల్లి’ అంటారు. దొరికితే జైలు, దొరకనన్నాళ్లూ బయట పని. ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటిస్తే ఔట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) పట్టుకుని ఇల్లు చేరొచ్చన్నది వాళ్ల చివరి ఆశ. 2018లో కువైట్, యూఏఈ రెండూ ప్రకటించాయి.

కొత్త తరానికి ముప్పు వేరే వేషంలో వచ్చింది. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి బయల్దేరిన చదువుకున్న పిల్లలు మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాల్లో తేలారు. 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మంది భారతీయులను వెనక్కి తెచ్చారు, వారిలో తెలంగాణ యువకులూ ఉన్నారు. గల్ఫ్‌కు పోయే కూలీ ముప్పును తూచి బయల్దేరాడు. వీళ్లకు తూచే వీలే దొరకలేదు.

వలసపోయేవాళ్లది అమాయకత్వమని తేల్చేయడం అన్యాయం. ‘మోసపోవద్దు’ అన్న పోస్టర్ ఒక్కటే సరిపోదు. చట్టబద్ధమైన దారి చవకగా, తొందరగా, మండల కేంద్రంలోనే దొరకాలి. అనుమతితో వెళ్లే కార్మికుడికి రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయల భరోసా ఇస్తోంది. విజిట్ వీసా మీద పనికి పోయినవాడికి ఆ భరోసా లేదు.