ద్వీపములలో విద్యాప్రణాళిక – మాతృభాష

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినది. ఆనాడే అండమాన్ నికోబార్ దీవులు కేంద్రపాలిత ప్రాంతమైనవి. ఆనాడే అమలునకు వచ్చిన ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని దాని ఆదేశము. మొదటి రెంటిని మనము స్మరింతుము. మూడవదానిని తరచుగా మరతుము.

పరపాలనలో ఈ దీవులు 1858 నుండి శిక్షాస్థలములు. పాలకులకు ఖైదీల శ్రమ ముఖ్యము. ప్రజల విద్య ముఖ్యము కాదు. స్వాతంత్ర్యానంతరము దేశమంతటను విద్యను పునర్నిర్మింపవలసి వచ్చినది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యాసంఘము, కళాశాల ప్రవేశమే గురిగా గల విద్యకు మారుగా శాస్త్ర, సాంకేతిక, వాణిజ్య, వ్యవసాయాది ఏడు శాఖలను సూచించినది. 1964-66 నాటి కొఠారీ సంఘము దేశమంతటికి ఒకే విద్యాక్రమమును ప్రతిపాదించినది. 1968 జాతీయ విద్యావిధానము త్రిభాషాసూత్రమును స్వీకరించినది.

ఆ సూత్రము ప్రతి ప్రాంతమునకు ఒక ప్రాంతీయభాష కలదని భావించినది. ఈ దీవుల ప్రాంతీయభాష ఏది? 2011 జనాభా లెక్కల ప్రకారము నూటికి సుమారు వంగభాషీయులు 28, హిందీవారు 19, తమిళులు 15, తెలుగువారు 13. ఇచ్చట అందరును అల్పసంఖ్యాకులే! ఈ చిక్కును గుర్తించియే ప్రభుత్వము హిందీ, ఆంగ్లములతోబాటు వంగ, తమిళ, తెలుగు మాధ్యమములలోను పాఠశాలలు నెలకొల్పినది.

అయినను సమస్య తీరలేదు. పైతరగతులు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పరిధిలోనివి. ఆ పరీక్షలకు తెలుగును ఒక భాషగా చదువవచ్చును. గణిత, శాస్త్రములను మాత్రము హిందీలోనో ఆంగ్లములోనో వ్రాయవలెను. కావున తల్లిదండ్రులు మొదటినుండియే ఆంగ్లమును కోరుట సహజము. బదిలీలపై తిరుగు ఉద్యోగి బిడ్డకు దేశమంతట ఒకే ప్రణాళిక వరము. 1963లో కేంద్రీయ విద్యాలయములు వెలసినది అందులకే. కాని శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి వచ్చి ఇచ్చటనే స్థిరపడిన జాలరి బిడ్డకు తొలి అక్షరము తెలుగులో లభింపనిచో, పాఠము అర్థము కాకమునుపే బడిపై విముఖత కలుగవచ్చును.

2020 జాతీయ విద్యావిధానము సాధ్యమైనంతవరకు అయిదవ తరగతిదాక మాతృభాషాబోధనను మరల సూచించినది. అయితే శాసనము వసతి కల్పింపగలదేకాని విద్యార్థులను తేజాలదు. బడిలో తెలుగును ఎన్నుకొనుట, ఇంట తెలుగు చదివించుట మన బాధ్యతలు. జాలరి బిడ్డ హక్కు నిలుచుటకు ఉద్యోగి కుటుంబము సైతము తోడు నిలువవలెను.