పొదల నుంచి పోటీల దాకా స్పానియల్ బొచ్చు

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో కాకర్ స్పానియల్ పని ముళ్లపొదల్లో దూరి, దాక్కున్న పిట్టలను లేపడం. కుచ్చులు మరీ పెరిగితే ముళ్లూ గడ్డిగింజలూ చిక్కుకుంటాయి. అందుకే వేటగాళ్లకు ఒంటికి అణిగి ఉండే బొచ్చే నచ్చేది.

అమెరికా చేరాక లెక్క మారింది.

అక్కడ ప్రదర్శన పోటీల మోజు పెరిగింది. పెంపకందారులు చిన్న ఒళ్లు, గుండ్రటి తల, కాళ్లనూ పొట్టనూ కప్పేసే దట్టమైన బొచ్చు ఉన్నవాటినే ఎంచుకుంటూ పోయారు. 1940, 1941ల్లో ‘మై ఓన్ బ్రూసీ’ అనే నల్ల కాకర్ వెస్ట్‌మినిస్టర్ కుక్కల ప్రదర్శన పోటీలో వరుసగా గెలిచింది. పాత రూపాన్ని కాపాడాలనుకున్నవారు వేరుదారి పట్టారు. 1946లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఇంగ్లిష్ కాకర్‌ను వేరే జాతిగా గుర్తించింది.

ఐరిష్ వాటర్ స్పానియల్ సంగతి వేరు. నీళ్లలో దిగి బాతులను తెచ్చే ఆ కుక్కకు ఒళ్లంతా బిగుతైన ఉంగరాలే. తోక మాత్రం మొదలు దాటితే నున్నన.

2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ తేడాలను చాలావరకు మూడు జన్యువులకు ముడిపెట్టింది: పొడవుకు ఎఫ్‌జీఎఫ్5, ఉంగరాలకు కేఆర్‌టీ71, మీసాలకూ కనుబొమల కుచ్చులకూ ఆర్‌ఎస్‌పీఓ2. జన్యువులే కాదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా బొచ్చును మార్చగలదు: అది చేయించాక కొన్ని కాకర్ల బొచ్చు ఉన్నిలా మారి, దువ్వెనకూ కత్తెరకూ పని పెంచుతుంది.