అంతా బావే, వంగతోట కాడ తప్ప: చిన్న వ్యాపారానికి ఏ రూపం?

నల్లపాడు నుంచి మాట్లాడుతున్నా. పోయిన నెల మా బావ ఇంటికొచ్చి టేబుల్ మీద వంద రూపాయల స్టాంపు పేపరు పెట్టాడు. "బావా, కారం మిల్లు పెడదాం. చెరి సగం. సంతకం పెట్టు" అన్నాడు. మిర్చి యార్డు దగ్గర్లోనే ఉంది. కాయ బావ చూసుకుంటాడు, ఆన్‌లైన్‌లో అమ్మడం నేను చూసుకుంటా. అంతా బానే ఉంది. కానీ ఆ పేపరు చూడగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఏమీ అనకుండా గుమ్మంలో నిలబడింది. ఎందుకో నాకు తెలుసు.

నేను చిన్నప్పుడు మా నాన్న ఇద్దరు స్నేహితులతో కలిసి మిర్చి కమీషన్ కొట్టు నడిపేవాడు. పొత్తు వ్యాపారం. ఒక భాగస్తుడు కొట్టు పేరు మీద అప్పు తెచ్చి, కాయ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. అనుకున్న ధర రాలేదు. ఆయన ఊరు వదిలి వెళ్లిపోయాడు. అప్పులోళ్లు మా ఇంటికొచ్చారు. "ఆ అప్పు నేను చేయలేదు" అంటే ఎవరూ వినలేదు. 2008లో ఎకరంన్నర అమ్మి కట్టాం. నాన్నకి మోసం జరిగిందని చాలా ఏళ్లు అనుకున్నా. తర్వాత చట్టం చదివితే అర్థమైంది, అప్పులోళ్లు అడిగింది చట్టప్రకారం కరెక్టే.

అసలు ఆ చట్టం ఎక్కడిది? మన దేశంలో పొత్తు వ్యాపారానికి మొదట 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఒక అధ్యాయం ఉండేది. దాన్ని తీసేసి 1932లో విడిగా భాగస్వామ్య చట్టం తెచ్చారు. ఇప్పటికీ అదే నడుస్తోంది. దాని ప్రకారం కొట్టు పని మీద ఒక భాగస్తుడు చేసిన సంతకం మిగతా అందర్నీ కట్టేస్తుంది. కొట్టు ఆస్తి చాలకపోతే ఇల్లు, పొలం దాకా వస్తారు. సగం వాటా ఉన్నవాడు సగం అప్పే కట్టాలని రూలేం లేదు, మొత్తం ఒక్కడి దగ్గరే వసూలు చేయొచ్చు. పైగా కొట్టును రిజిస్టర్ చేయించకపోతే, మనకు రావాల్సిన బాకీ కోసం కొట్టు తరఫున దావా వేయడానికే అడ్డం పడుతుంది. మనమీద మాత్రం ఎవరైనా వేయొచ్చు!

యార్డులో "అండ్ కో" అని బోర్డులు చూసే ఉంటారు. అది చూసి కంపెనీ అనుకోకండి. "లిమిటెడ్" అన్న మాట ఉందా లేదా చూడండి. ఆ ఒక్క మాట వెనక పెద్ద కథ ఉంది. 1890లలో లండన్‌లో ఆరన్ సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన కొట్టును కంపెనీగా మార్చాడు. వాటాదారులు ఎవరంటే తను, భార్య, ఐదుగురు పిల్లలు. అంతే. వ్యాపారం మునిగింది. అప్పులోళ్లు సాలమన్ మీద పడ్డారు. పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమందంటే, కంపెనీ వేరు, సాలమన్ వేరు. కంపెనీ అప్పు ఆయన సొంత అప్పు కాదు. నేటికీ మన కోర్టులు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి.

సరే, అప్పు సంగతి ఇది. మరి మనిషి పోతే? దీనికి మన తెలుగువాళ్ల కథే ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. నలభై ఏళ్లకు పైగా నడిచాక, 1936లో అది అమృతాంజన్ లిమిటెడ్ అయింది. 1938లో పంతులుగారు కన్నుమూశారు. కంపెనీకి మాత్రం ఏమీ కాలేదు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు అందుకున్నారు. ఆ పసుపు సీసా ఇవాళ్టికీ మన ఇళ్లలో ఉంది. అదే సొంత కొట్టు అయితే యజమానితోపాటే ఆగుతుంది. పొత్తు కొట్టయితే, కాగితంలో వేరేగా రాసుకోకపోతే ఒక భాగస్తుడు చనిపోగానే రద్దయిపోతుంది.

మూడో ప్రశ్న, పగ్గాలు ఎవరి చేతిలో ఉంటాయి? మన జిల్లాలోనే, వడ్లమూడి సంగం డెయిరీ చూడండి. 1977లో పాల రైతుల సహకార యూనియన్‌గా పుట్టింది. అప్పటి సహకార చట్టంలో ప్రభుత్వ అధికారుల చేయి ఎక్కువ. 1995లో రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. సర్కారు వాటా లేకుండా సభ్యులే నడుపుకోవచ్చని దాని సారాంశం. డెయిరీ ఆ చట్టం కిందికి మారింది. 2002లో కేంద్రం కంపెనీల చట్టంలో "ఉత్పత్తిదారుల కంపెనీ" అనే కొత్త రూపం చేర్చింది. 2013లో డెయిరీ అలా మారింది. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం డెయిరీని తన చేతిలోకి తీసుకుంటూ జీవో ఇచ్చింది. హైకోర్టులో అది నిలవలేదు. రాజకీయం పక్కన పెట్టండి. అవే పాలు, అదే జిల్లా. కానీ ఏ చట్టం కింద ఉన్నారన్నదాన్ని బట్టి ఎవరు చేయి వేయగలరన్నది మారిపోయింది.

ఇప్పుడు మా కారం మిల్లుకి వద్దాం. బావ అన్నాడు, "జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్ తీసుకుంటే కంపెనీ అయినట్టే కదా?" కాదు. అవి పన్ను కోసం, పథకాల కోసం. ఆహారం అమ్ముతాం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా కావాలి. వీటిలో ఏదీ మన ఇంటికి గోడ కట్టదు.

ప్రైవేట్ లిమిటెడ్ పెట్టొచ్చు. బయటివాళ్ల పెట్టుబడి కావాలంటే అదే మేలు. కానీ ఒక్క ప్యాకెట్ అమ్మకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకి 100 రూపాయలు పడుతుంది. ఒక్కడే అయితే, 2013 చట్టం తెచ్చిన ఏక వ్యక్తి కంపెనీ ఉంది. మేం ఇద్దరం. అందుకే ఎల్ఎల్‌పీ వైపు మొగ్గాం, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం. పొత్తులో ఉండే సౌలభ్యం ఉంటుంది, ఒకరి తప్పు ఇంకొకరి ఇంటి మీదికి రాదు. ఒకరు పోయినా సంస్థ ఉంటుంది. అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంత వరకు ఆడిట్ తప్పనిసరి కాదు. ఫారాలు మాత్రం ఏటా వేయాల్సిందే. ఈ చట్టం ఎప్పుడు పాసైందో తెలుసా? 2008లో. మేం పొలం అమ్మిన ఏడాదే. అమల్లోకి వచ్చింది 2009లో. నాన్నకి ఒక్క ఏడాది తేడాతో అందలేదు.

బావ కొంచెం నొచ్చుకున్నాడు. "నామీద నమ్మకం లేదా బావా?" అన్నాడు. మా అమ్మమ్మ అనేది, అంతా బావే గానీ వంగతోట కాడ మాత్రం కాదని. అది చెప్తే నవ్వేశాడు. తర్వాత ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. ఎవరి పెట్టుబడి ఎంత, జీతం ఎవరికి, ఎవరు ఎంత దాకా అప్పు తేవచ్చు, ఒకరు తప్పుకుంటే వాటా లెక్క ఎలా కట్టాలి. ఇవి రాసుకోకపోతే లాభం సమానంగా పంచాలని చట్టమే చెప్తుంది. పగలంతా మిల్లులో ఉండేవాడికీ, డబ్బు పెట్టి ఇంట్లో కూర్చున్నవాడికీ ఒకటే వాటా అన్నమాట.

నిన్న రాత్రి ఆ ఒప్పందం నాన్నకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. చివర్లో ఒక్కటే అడిగాడు. "అయితే బ్యాంకులో తీసుకున్నా ఇంటి మీదికి రాదుగా?"

"బ్యాంకు వ్యక్తిగత హామీ అడుగుద్ది నాన్నా. దానిమీద సంతకం పెడితే వస్తది" అన్నా.

"మరి పెట్టకుండా ఎంత దాకా వస్తారో అంత దాకానే మొదలుపెట్టండి" అన్నాడు.

అందుకే పెద్ద మిల్లు ప్లాను పక్కన పెట్టాం. సొంత డబ్బులతో ఒక చిన్న యంత్రం కొంటున్నాం, అంతే. మీ ఇంట్లో కూడా స్టాంపు పేపరు టేబుల్ మీద ఉంటే, సంతకానికి ముందు అప్పు ఎవరిది, మనిషి పోతే ఏంటి, పగ్గాలు ఎవరివి అని ముగ్గురు కూర్చుని మాట్లాడుకోండి. మూడో మనిషిగా ఒకసారి దెబ్బతిన్నవాళ్లని కూర్చోబెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.