ఇసుకలో దిద్దిన అక్షరాలు

ఒకటో తరగతిలో ఏం నేర్పుతారంటే అక్షరాలు, ఎక్కాలు అంటాం. రెండు వందల ఏళ్ళ కిందటా అవే. ఎలా నేర్పేవాళ్ళో రాసిపెట్టింది మాత్రం ఒక తెల్లదొర.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లను అడిగాడు. చాలామంది అంకెలు పంపారు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబులో మాత్రం బడే కళ్ళకు కడుతుంది. ఆయన అప్పటికే తెలుగు వ్యాకరణం రాసినవాడు. అనంతపురం కూడా ఆనాడు బళ్ళారిలోనే ఉండేది. మొత్తం 533 బడుల్లో కన్నడానివి 235, తెలుగువి 226. కర్ణాటకకు దగ్గరగా ఉన్న మా పెద్దపంజాణి వాళ్ళకు ఆ కలగలుపు కొత్తేమీ కాదు.

పిల్లవాడికి అయిదేళ్ళు దాటగానే అయ్యవారినీ బడిపిల్లలనూ ఇంటికి పిలిచేవాళ్ళు. వినాయకుడి ఎదుట కూర్చోబెట్టి, వేలు పట్టి బియ్యంలో దేవుడి పేరు రాయించేవాళ్ళు. మన అక్షరాభ్యాసమే. ఓనమాలన్న మాట పుట్టింది కూడా 'ఓం నమః శివాయ' నుంచే కదా.

మర్నాటి నుంచి ఇసుకలో వేలితో దిద్దడం. ముందు నోటితో వల్లించి తర్వాత రాయడం కాదు, రాస్తూనే అక్షరం నేర్చుకోవడం. ఈ తేడా కాంబెల్‌కు బాగా కనిపించింది. వేలు తిరిగాక బలపం ఇచ్చేవాళ్ళు. పలక అంటే మూడడుగుల చెక్క, దానికి అన్నమూ బొగ్గుపొడీ పూసేవాళ్ళు. గంజి పెట్టిన గుడ్డను మడతలు వేసి, బొగ్గు, జిగురు పూసి పుస్తకంలాంటిది కూడా చేసేవాళ్ళు. తెలుగులో దాన్నే కడితం అంటాం. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తది. ఇంట్లో ఉన్నవాటితోనే అయిపోయేది, ఇప్పటి పుస్తకాల బిల్లు చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది!

తర్వాత గుణింతాలు, ఒత్తులు, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, ఆ పైన లెక్కలు. చిన్న తరగతులను కొంతవరకు పెద్ద పిల్లలే చూసుకునేవాళ్ళు. చెప్పేవాడికీ పాఠం గట్టిపడేది. ఆండ్రూ బెల్ అనే పాదిరి మద్రాసులో ఈ పద్ధతి నడిపించి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఆ తర్వాత ఇంగ్లండు పిల్లలు కూడా ఇసుకలో అక్షరాలు దిద్దారు.

అంతా బంగారమని మాత్రం అనుకోకండి. ఉదయం ఆరింటికి బడి. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. బద్ధకస్తులకు గుంజీలు, కోదండం. అయిదేళ్ళ పిల్లల చేతులు తలుచుకుంటే నాకు మనసొప్పదు.

కాంబెల్ అసలు ఫిర్యాదు వేరే. పిల్లలు పద్యాలు చిలకల్లా అప్పజెబుతారు, అర్థం తెలియదు, ఆ పద్యాల భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు అని. తెలుగు బీఏ చదివినా నేను దీన్ని కాదనలేను. మా వైపు పిల్లోడు "యాడికి పోతావు" అంటాడు, పుస్తకంలో "ఎక్కడికి వెళ్తావు" అని ఉంటుంది. ఈ మాత్రానికే తడబడితే, పద్యం సంగతేమిటి? ఇప్పుడు పద్యం స్థానంలోకి ఇంగ్లీషు రైమ్ వచ్చింది. చుట్టాల ముందు గడగడా చెప్పేస్తారు, ఒక్క మాట తీసి అర్థం అడగండి చూద్దాం. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కూడా, మూడో తరగతి దాటేలోపు పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలనే చెబుతోంది.

ఆ 533 బడుల్లో చదివింది 6,641 మంది, జనంలో వెయ్యికి ఏడుగురు కూడా లేరు. కారణం పేదరికమని కాంబెలే రాశాడు. ఇంగ్లండు బట్ట వచ్చి నేతగాళ్ళ పని పోయింది, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదు, పిల్లల ఒంట్లో కాస్త సత్తువ రాగానే పనికి పెట్టక తప్పడం లేదు అని. టమోటా కోతలప్పుడు మా ఊరి బడిలో ఎవరెవరు కనబడరో నాకు తెలుసు గనక, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది.