తొమ్మిది పెన్నీల లెక్క

ఫిజీ దీవులకు కూలికి వెళ్ళిన మన పెద్దల ఒడంబడిక కాగితంలో, మనవారు 'గిర్మిట్' అని పిలుచుకున్న ఆ కాగితంలో, ఒక షరతు ఉంది. రోజుకు తొమ్మిది గంటల పనికి మగవారికి ఒక షిల్లింగుకు తక్కువ కాకుండాను, ఆడవారికి తొమ్మిది పెన్నీలకు తక్కువ కాకుండాను కూలి ఇస్తామని దాని తాత్పర్యం. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అనగా ఒకే ఎండలో, ఒకే చెరకు తోటలో, ఒకే తొమ్మిది గంటలు వంగి పనిచేసిన దంపతులలో భార్య కూలి ముప్పాతిక వంతు. నేటాలులో ఇంతకన్న అన్యాయం. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరిన నాటి పద్ధతి ప్రకారం మగవారికి మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, ఆడవారికి అందులో సగం. తిండిగింజలు కూడా సగమే కొలిచేవారు. ఆడదానికి ఆకలి కూడా సగమే వేస్తుందని ఆ దొరల శాస్త్రం కాబోలు!

అయితే పన్ను దగ్గరకు వచ్చేసరికి ఆ శాస్త్రం మారిపోయింది. ఒడంబడిక ముగిసినా స్వదేశానికి తిరిగి పోనివారి మీద నేటాలు ప్రభుత్వం 1895 చట్టంతో తలకు ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. 1903లో దానిని పదహారేళ్ళు దాటిన మగపిల్లలకు, పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలకు కూడా విస్తరించారు. కూలి దగ్గర సగం మనిషి అయిన స్త్రీ, పన్ను దగ్గర నిండు మనిషి అయింది. 1913 నాటి సత్యాగ్రహంలో, సమ్మెలో ఆడవారు కూడా నడిచి, జైళ్ళకు వెళ్ళిన తరువాత గాని, 1914లో ఆ పన్ను రద్దు కాలేదు.

ఈ సంచిక చేతికి తీసుకునే కుటుంబాలు కొన్ని తిన్నగా ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి వచ్చినవి. కొన్ని దక్షిణాఫ్రికా, మారిషస్‌ల మీదుగా, కొన్ని 1987 నాటి సైనిక తిరుగుబాటు తరువాత ఫిజీ నుంచి వచ్చి వాంకూవర్ పరిసరాలలో స్థిరపడినవి. దారులు వేరైనా మన ఇళ్ళలో తరచు వినిపించే మాట ఒకటి ఉంది: "మా ఇంట్లో ఆడవాళ్ళు పనికి వెళ్ళడం ఈ దేశం వచ్చాకనే మొదలు" అని. ఈ మాట చెప్పే పెద్దలను గౌరవిస్తూనే, అది నిజం కాదని మనవి చేస్తున్నాము. నాట్లు వేసినదెవరు? కలుపు తీసినదెవరు? వడ్లు దంచినదెవరు? నేత ఇళ్ళలో మగ్గం మగవాని పేర ఉండేది. కాని నూలు తోడి, కండెలు చుట్టి అందించే ఆడవారి చేతులు లేకపోతే ఆ మగ్గం ఒక్క పూట ఆడదు. చీర అమ్మిన డబ్బులో కండెల కూలి అని విడిగా ఎవరూ లెక్క కట్టలేదు. పని చేయడం మన స్త్రీలకు కొత్త కాదు. ఆ పనిని లెక్కలో వేయడమే కొత్త. కెనడాలో గత నూరేళ్ళ చరిత్ర కూడా చాలావరకు ఈ లెక్క చరిత్రేనని మా అభిప్రాయం.

రెండవ ప్రపంచ యుద్ధం నాటి ముచ్చట ముందుగా చెప్పుకోవాలి. వాంకూవర్‌లో 1905లో పుట్టిన ఎల్సీ మెక్‌గిల్ 1927లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి విద్యుత్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. ఈ దేశంలో ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమె. తరువాత అమెరికాలో విమాన నిర్మాణశాస్త్రం చదివారు. పోలియో వచ్చి ఊతకర్రల మీద నడవవలసి వచ్చినా 1938లో కెనడియన్ కార్ అండ్ ఫౌండ్రీ సంస్థలో ప్రధాన విమాన ఇంజనీరు అయ్యారు. ఇప్పుడు థండర్ బేలో కలిసిపోయిన ఫోర్ట్ విలియం ఊళ్ళో ఆమె పర్యవేక్షణలో యుద్ధకాలంలో 1,400కు పైగా హరికేన్ యుద్ధవిమానాలు తయారయ్యాయి. వాటికి రేకులు బిగించి, మరలు తిప్పిన వారిలో వేలకొద్దీ ఆడవారు. పిల్లలను చూసేవారు కావాలి గనుక 1942లో ప్రభుత్వమే ఒంటారియో, క్విబెక్‌లలో పగటి శిశుశాలలకు డబ్బిచ్చింది. యుద్ధం ముగిసింది, 1946కల్లా కేంద్రం ఆ సొమ్ము ఆపివేసింది. పెళ్ళయిన స్త్రీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో స్థిరంగా కొనసాగరాదన్న పాత నిబంధన యుద్ధం పోయిన తరువాత మళ్ళీ బిగిసింది. అది 1955 దాకా పోలేదు. అవసరం తీరాక గట్టు మీద పెట్టడం అంటే ఇదే.

ఎల్సీ మెక్‌గిల్ పేరు చెప్పినప్పుడు మన ఆడపడుచు ఒకరిని తలచుకోకుండా ఉండలేము. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్ళో నెలల బిడ్డ. ఆనాటి ఆచారం ఆమెకు ఏ మూల గదిని కేటాయించి ఉండేదో మన పెద్దవారికి చెప్పనక్కరలేదు. కాని తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన కూతురిని చదివించదలచి, కళాశాల అధిపతిని ఒప్పించి, 1940లో అక్కడే చేర్పించారు. లలితగారు 1943లో విద్యుత్ ఇంజనీరు అయ్యారు. పట్టా కాగితంలో 'అతడు' అని అచ్చయి ఉన్నచోట కొట్టివేసి 'ఆమె' అని దిద్దవలసి వచ్చిందట! ఆ కాగితం అచ్చువేసిన నాడు, ఆడమనిషి ఒకతె దానిని అందుకోవడానికి వస్తుందని ఎవరూ అనుకోలేదు మరి.

లలితగారు సిమ్లాలో, ఆపైన కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ పరికరాల సంస్థలో పనిచేశారు. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనులలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్ళారు. 1979లో కన్నుమూశారు, ఎల్సీ మెక్‌గిల్ ఆ మరుసటి ఏడే పోయారు. ఇద్దరూ విద్యుత్ ఇంజనీర్లే. లలితగారి జీవితంలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసేది పట్టా కాదు, బిడ్డ సంగతి. ఉద్యోగం ఎక్కడన్నది ఎంచుకునేటప్పుడు ఆమె అన్నదమ్ముల ఇల్లు ఎక్కడుందో చూసుకున్నారు. బిడ్డను కనిపెట్టి చూసే వదినో మరదలో ఉన్న ఊళ్ళోనే ఇంజనీరుగా బతకగలిగారు. ఈ దేశానికి వచ్చిన మన స్త్రీలకు ఆ వదిన లేదు. క్విబెక్‌లో 1997లో రోజుకు ఐదు డాలర్ల శిశుశాలలు మొదలయ్యాయి. దేశమంతటా రోజుకు పది డాలర్ల పథకాన్ని కేంద్రం 2021లో గాని తలపెట్టలేదు. ఈ మధ్యకాలంలో మన ఊళ్ళ నుంచి అమ్మమ్మలను విమానం ఎక్కించి తెప్పించుకున్న ఇళ్ళెన్నో! ఆ అమ్మమ్మల పని కూడా ఏ లెక్కలోనూ లేదు.

మనలో చాలామంది ఈ దేశంలో అడుగు పెట్టగలగడానికి కూడా ఒక ఉద్యోగిని కారణమని మనవారికి అంతగా తెలియదు. హామిల్టన్‌కు చెందిన ఎలెన్ ఫెయిర్‌క్లో వృత్తిరీత్యా అకౌంటెంటు. ప్రతిపక్షంలో ఉండగానే సమాన విలువ గల పనికి సమాన వేతనం కావాలని పార్లమెంటులో పోరాడారు. 1957లో కెనడా కేంద్ర మంత్రివర్గంలో మొదటి మహిళ అయ్యారు. ఆమె వలసల మంత్రిగా ఉండగా 1962లో తెచ్చిన నిబంధనలే, ఒంటి రంగును, పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని తిప్పి పంపే పాత పద్ధతికి స్వస్తి చెప్పాయి. అంతకుముందు భారతదేశం మొత్తానికి ఏడాదికి ఇన్ని వందలే అని గిరిగీసి ఉండేది. బంధువులను పిలిపించుకునే విషయంలో మిగిలిన తేడా కూడా 1967లో మార్కుల పద్ధతి వచ్చాక తొలగిపోయింది.

ఆ మార్కుల పద్ధతిలోనే ఒక తిరకాసు ఉంది. చదువుకు, వయసుకు, భాషకు, వృత్తికి మార్కులు వేసేది ప్రధాన దరఖాస్తుదారుకు. మన ఇళ్ళలో ఆ దరఖాస్తుదారు ఎవరో వేరే చెప్పాలా? ఎం.ఎస్సీ. చదివిన భార్య 'ఆధారపడిన వ్యక్తి' అయింది. 1980ల దాకా ప్రభుత్వం భత్యమిచ్చి నేర్పించే భాషా శిక్షణ కూడా ఉద్యోగానికి పోగలవారని తాము లెక్కించిన వారికే ఎక్కువగా దక్కేది. ఇంటికి బట్టలు తెచ్చుకుని ఇన్నింటికి ఇంత అని కుట్టిన చేతులలో ఎన్ని డిగ్రీ పట్టాలు పట్టుకున్న చేతులున్నాయో! ఆయనకు 'కెనడా అనుభవం' లేదన్నారు. ఆమెకైతే అసలు అనుభవమే లేదన్నారు.

పనిని లెక్కలో వేయకపోవడం అంటే ఏమిటో తెలియాలంటే 1973 నాటి ఒక తీర్పును గుర్తు చేసుకోవాలి. ఆల్బర్టాలో ఐరీన్ మర్డాక్ అనే పశుపాలకుని భార్య ఇరవై ఐదేళ్ళ కాపురంలో గడ్డి కోసింది, ట్రాక్టరు నడిపింది, పశువులకు ముద్రలు వేసింది. భర్త ఏటా నెలల తరబడి వేరే ఉద్యోగానికి పోతే మంద నంతటినీ తానే చూసుకుంది. కాపురం విడిపోయినప్పుడు భూమిలో భాగమడిగింది. ఆమె చేసినది ఏ రాంచి ఇల్లాలైనా చేసేదేనని కింది న్యాయస్థానం అన్నది. సుప్రీంకోర్టు కూడా ఆమెకు భూమిలో వాటా లేదన్నది. బోరా లాస్కిన్ ఒక్కరే విభేదించారు. ఎన్నోసార్లు విన్న మాటలాగా లేదూ? మన కృష్ణా గోదావరి తీరాల రైతు భార్య ఈ తీర్పు వింటే అనువాదం లేకుండానే అర్థం చేసుకునేది. దేశమంతటా స్త్రీలు మండిపడ్డారు. 1978లో ఒంటారియో, ఆ చుట్టుపట్ల ఏళ్ళలో తక్కిన రాష్ట్రాలు కుటుంబ ఆస్తి చట్టాలను మార్చాయి. సందర్భవశాత్తు, ఆడపిల్లకు తండ్రి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమంగా భాగమిస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. భారతదేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పవచ్చు.

ఉద్యోగాల విషయంలో పెద్ద మలుపు 1967లో ఫ్లోరెన్స్ బర్డ్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్. ఎల్సీ మెక్‌గిల్ అందులో సభ్యురాలు. 1970లో ఆ కమిషన్ 167 సిఫారసులు చేసింది. పూర్తికాలం పనిచేసే స్త్రీ సంపాదన అప్పట్లో పురుషుని సంపాదనలో సుమారు 60 శాతం. ఉద్యోగాలు వేరు, కాలం వేరు, పోలిక తిన్నగా కుదరదు. అయినా ఫిజీ తోటల కాగితం మీద 75 శాతం ఉన్నదని గుర్తుకు వస్తే మనసు చివుక్కుమంటుంది.

'ఒకే పనికి ఒకే జీతం' అనే చట్టాలు అంతకుముందే ఉన్నాయి. ఒంటారియోలో 1951లో, కేంద్రంలో 1956లో వచ్చాయి. వాటితో పెద్దగా ఒరిగినది లేదు. ఎందుకంటే ఆడవారిని ఒక పనిలో, మగవారిని వేరొక పనిలో పెడితే పోల్చడానికి ఏమీ ఉండదు. అందుకనే 1977 మానవహక్కుల చట్టం 'సమాన విలువ గల పని' అన్నది. నేర్పు, శ్రమ, బాధ్యత, పనిచేసే పరిస్థితులు - ఈ నాలుగూ తూకం వేసి వేరువేరు పనులను పోల్చవచ్చు. ఎక్కువగా ఆడవారుండే గ్రంథాలయోద్యోగులను ఎక్కువగా మగవారుండే చరిత్ర పరిశోధకులతో పోల్చి, 1980లో కేంద్ర ఉద్యోగంలో జీతాలు సరిచేయించారు. గుమాస్తాల ఫిర్యాదు మాత్రం 1984లో మొదలై 1999లో తెమిలింది. పదిహేనేళ్ళు! రెండు లక్షల మందికి పైగా పాత బకాయిలు దక్కాయి. కాని వారిలో కొందరు అప్పటికే పదవీ విరమణ చేశారు, కొందరు పోయారు. ఆ అనుభవంతోనే, ఫిర్యాదు కోసం ఎదురు చూడకుండా యజమానే లెక్క సరిచూసుకోవాలనే కొత్త కేంద్ర చట్టం 2021 ఆగస్టు 31న అమలులోకి వచ్చింది. గంట వేతనాన్ని బట్టి ఇటీవలి సంవత్సరాలలో పురుషుని డాలరుకు స్త్రీకి 87, 88 సెంట్ల దాకా వస్తున్నది.

1986 నాటి ఉద్యోగ సమానత్వ చట్టం నాలుగు వర్గాలను గుర్తించింది. అందులో స్త్రీలొకరు, మనవంటి వర్ణాలవారొకరు. మన ఆడపడుచులు రెండింటిలోనూ ఉన్నారు. బ్యాంకులు, విమాన సంస్థలు, టెలిఫోను కంపెనీలు ఎవరిని ఎందరిని తీసుకున్నదీ ఏటేటా చెప్పక తప్పడం లేదు. లెక్క చెప్పవలసి వస్తే తప్ప మనిషి తన పద్దు చూసుకోడు.

ఇంటి పని మాట మిగిలింది. 1991 జనాభా లెక్కలలో, గత వారంలో ఎన్ని గంటలు పనిచేశారన్న ప్రశ్నకు తాను 'ఏమీ లేదు' అని రాయవలసి వస్తుందని తెలిసి, సస్కటూన్‌లో ఒక గృహిణి ఆ పత్రం నింపనని నిరాకరించింది. జరిమానా వేస్తామన్నా, జైలన్నా లొంగలేదు. ఆమెతో మరెందరో గొంతు కలిపారు. 1996 జనాభా లెక్కలలో ఇంటి చాకిరికి, పిల్లల పెంపకానికి, ముసలివారి సేవకు వారానికి ఎన్ని గంటలు పడుతున్నదో మొదటిసారి అడిగారు. 2011లో ఆ ప్రశ్న తీసివేశారు.

మన సంఘాల పద్దులలోనూ ఆ ప్రశ్న లేదు. ఉగాది నాడు అయిదారు వందల మందికి పులిహోర కలిపినవారి పేర్లు 'మహిళా విభాగం' అనే ఒక్క మాటలో సరిపెట్టి, హాలు అద్దె రసీదు మాత్రం భద్రంగా దాస్తున్నాము. ఫిజీ, నేటాలు వలస పత్రాలలో ప్రతి ఆడమనిషికీ తన సొంత నెంబరు, తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నాయి. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మీ ఇంటి ముత్తవ్వ పేరు వాటిలో వెతికించి, ఆమె ఏ తోటలో ఏ పని చేసిందో, ఈ దేశం వచ్చిన మీ అమ్మగారో అత్తగారో మొదట ఏ పనికి కుదిరారో, గంటకు ఎంత ఇచ్చారో, నాలుగు వాక్యాలు రాసి వచ్చే సంచికకు పంపగోరుతున్నాము. తెలుగు రాయడం రాని పిల్లలు ఇంగ్లీషులో రాసి పంపినా సరే, మేము తిరగరాసుకుంటాము.